కేబుల్ టీవీ మీద అజమాయిషీ: ఊరికి ఉంటే మేలా, రాష్ట్రానికి ఉంటే మేలా?

అమెరికాలో కేబుల్ బిల్లు రాగానే మనం మొత్తం ఎంతో చూసి కట్టేస్తాం. పన్నుల వరసలో ‘ఫ్రాంచైజ్ ఫీజు’ అని ఒక చిన్న లైను ఉంటుంది. ఆ డబ్బు మీ ఊరి ఖజానాకు వెళ్తుంది. ఊరి రోడ్ల వెంట వైర్లు లాగి వ్యాపారం చేసుకుంటున్నందుకు కంపెనీ కట్టే అద్దె లాంటిది అది. కంపెనీ కడుతోంది అంటాం గానీ, చివరికి పోయేది మన జేబులోంచే. మరి ఆ అద్దె తీసుకున్న ఊరికి కంపెనీని నిలదీసే హక్కు ఉందా? ఉంది, లేదు అని రెండు జవాబులూ వస్తాయి, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదాన్ని బట్టి.

మసాచుసెట్స్‌లో 351 ఊళ్లు, నగరాలు ఉన్నాయి. అక్కడ ఏ ఊరికి ఆ ఊరు కేబుల్ కంపెనీతో విడిగా ఒప్పందం రాసుకుంటుంది. టెక్సాస్‌లో ఆ గొడవ లేదు. రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, అది పట్టుకుని కంపెనీ ఎన్ని ఊళ్లలోనైనా దిగొచ్చు. బోస్టన్ చుట్టుపక్కలా, డాలస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లోనూ మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ రెండింటినే పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. నా ఓటు ఊరి ఒప్పందానికే. అయితే టెక్సాస్ వాళ్ల వాదనలోనూ బలం ఉంది, దాన్ని తోసిపుచ్చను.

రేట్ల సంగతి ముందే తేల్చేద్దాం. కేబుల్ ధర తగ్గించే అధికారం ఇప్పుడు ఏ ఊరి చేతిలోనూ లేదనే చెప్పాలి. 1984 కేబుల్ చట్టం రేట్లను చాలావరకు కంపెనీలకే వదిలేసింది. జనం గగ్గోలు పెడితే 1992లో కాంగ్రెస్ మళ్లీ చట్టం తెచ్చింది. అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ వీటో చేసినా లెక్కచేయకుండా దాన్ని నెగ్గించింది. అప్పట్నుంచి బేసిక్ ప్యాకేజీ రేటు మీద ఊళ్లకు కాస్త పట్టు ఉండేది. 2015లో ఎఫ్‌సీసీ, అంటే కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్, దేశమంతా పోటీ ఉన్నట్టే భావిస్తామంది. దాంతో ఆ పట్టు చాలాచోట్ల పోయింది. మసాచుసెట్స్‌లో మిగిలిన కొద్దిపాటి కూడా 2019లో పోయింది. కాబట్టి ఏ పద్ధతిలో బిల్లు తక్కువ అని వెతికితే తేడా పెద్దగా కనబడదు. సిగ్నల్ పోయినప్పుడు, వైరు వేయనన్నప్పుడు, కంపెనీ చేతులు మారినప్పుడు తేడా బయటపడుతుంది.

మసాచుసెట్స్ పద్ధతిలో ఒప్పందం మీద సంతకం పెట్టేది నగరమైతే మేయర్ లేదా సిటీ మేనేజర్, చిన్న ఊరైతే సెలెక్ట్ బోర్డు. మన పంచాయతీ పాలకవర్గంలా ఊరివాళ్లే ఎన్నుకున్న కొద్దిమంది ఆ బోర్డులో ఉంటారు. ఒప్పందం సాధారణంగా పదేళ్లకు ఉంటుంది. ఏ వీధి దాకా వైరు వేయాలి, మైలుకు ఎన్ని ఇళ్లుంటే తప్పనిసరిగా లైను పొడిగించాలి, కరెంటు తీగలు భూమిలో ఉన్నచోట కేబుల్ కూడా భూమిలోకే వెళ్లాలా, ప్రమాదం జరిగితే బీమా ఎంత, మాట తప్పితే జరిమానా ఎంత, ఇలాంటివన్నీ అందులో రాసుకుంటారు.

ఈ పద్ధతికి అసలు బలం రెన్యువల్‌లో ఉంది. ఒప్పందం ముగియడానికి 36 నెలల ముందు నుంచి ఆరు నెలలపాటు ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ గడువులో కంపెనీ గానీ ఊరు గానీ అడిగితే, ఊరి అవసరాలేమిటో, కంపెనీ ఇన్నాళ్లూ ఎలా చేసిందో తేల్చే విచారణ మొదలుపెట్టాలి. రెన్యువల్ నిరాకరించడానికి కేంద్ర చట్టం నాలుగే కారణాలు ఒప్పుకుంటుంది. ఒప్పందం షరతులను గట్టిగా ఉల్లంఘించడం ఒకటి. ఫిర్యాదులకు, బిల్లింగ్ సమస్యలకు స్పందించిన తీరుతో సహా సర్వీసు నాణ్యత సరిగా లేకపోవడం ఇంకొకటి. చెప్పినవి చేసే స్తోమత లేకపోవడం, ఊరి అవసరాలకు సరిపడే ప్రతిపాదన పెట్టకపోవడం మిగతా రెండు. ఆ రెండో కారణం చూడండి. మీరు టౌన్ హాల్‌కు రాసిన ఒక్కో ఫిర్యాదూ అక్కడ సాక్ష్యం అవుతుంది. ఏ ఊరి నుంచి ఎలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో కంపెనీ ఏటా లెక్క చెప్పాలన్న నిబంధన కూడా ఆ రాష్ట్రంలో ఉంది. కస్టమర్ కేర్‌లో గంటసేపు సంగీతం విని పెట్టేసిన ఫోన్‌కి ఏ విలువా ఉండదు. అదే మాట కాగితం మీద పెట్టి ఊరికి ఇస్తే, కొన్నేళ్ల తర్వాతైనా అది కంపెనీ లాయర్ ముందుకు వస్తుంది.

అలాంటి హియరింగ్ ఒకదానికి నేను వెళ్లాను. ఇరవై మంది కూడా రాలేదు. ఒక పెద్దావిడ తమ వీధిలో చివరి మూడిళ్లకు వైరు రాలేదని, అడిగితే వేల డాలర్లు కట్టమన్నారని చెప్పింది. హైస్కూల్ ఆటలు షూట్ చేసే కుర్రాడు ఒకడు, కౌన్సిల్ మీటింగులు, స్కూల్ ఆటలు చూపించే ఊరి సొంత చానల్ ఇంకా మసక బొమ్మతోనే వస్తోందనీ, టీవీ గైడ్‌లో ప్రోగ్రామ్ పేరు బదులు ‘లోకల్ ప్రోగ్రామింగ్’ అని మాత్రమే పడుతోందనీ గట్టిగా అడిగాడు. కంపెనీ ప్రతినిధి రెండూ రాసుకున్నాడు. రాసుకోక తప్పదు, ఎదురుగా కూర్చున్నది సంతకం పెట్టాల్సిన వాళ్లు.

ఇక టెక్సాస్. 2005 సెప్టెంబర్‌లో గవర్నర్ రిక్ పెర్రీ సంతకంతో ఎస్‌బీ 5 చట్టం వచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకే ఫ్రాంచైజ్, అంటే వ్యాపారం చేసుకోవడానికి ఒకే అనుమతి అన్న పద్ధతిలో మొదటి అడుగు అదే. అదే నెలలో కెల్లర్ అనే ఊళ్లో వెరైజన్ తన ఫైబర్ టీవీని మొదలుపెట్టింది. ఫోన్ కంపెనీల వాదన సూటిగా ఉండేది. కేబుల్‌కు పోటీ కావాలంటారు, కానీ ఒక్కో ఊరితో నెలల తరబడి బేరాలాడితే మేం ఎప్పటికి వస్తాం? ఆ మాటలో నిజం ఉంది. ఊళ్లు కొత్త కంపెనీలను నాన్చిన సందర్భాలు దేశంలో లేకపోలేదు. అందుకే 2007లో ఎఫ్‌సీసీ, రోడ్ల వెంట ఇప్పటికే వైర్లున్న కంపెనీ దరఖాస్తును 90 రోజుల్లో, మిగతావాటిని ఆరు నెలల్లో తేల్చాలని గడువు పెట్టింది. అంటే టెక్సాస్ చూపించిన జబ్బుకు మందు వేరే దారిలోనూ దొరికింది. ఊరి అధికారం తీసేయడమే మార్గం అయ్యుండాల్సిన పనిలేదని నేను అనుకునేది ఇందుకే.

టెక్సాస్ చట్టం ఊళ్లకు ఏమీ మిగల్చలేదనడం అన్యాయం. స్థూల ఆదాయంలో 5 శాతం ఫీజు ఊరి ఖజానాకే వస్తుంది. ఊరి చానళ్ల పరికరాలకు ఇంకో 1 శాతం. జనాభా 50 వేలు దాటిన ఊరికి మూడు చానళ్లు, అంతకు తక్కువైతే రెండు. కానీ అసలైన రెండు విషయాల్లో ఊరి చేతులు కట్టేశారు. మొదటిది, ఫలానా వీధికి వైరు వేయి అని ఎవరూ కంపెనీని బలవంతపెట్టలేరు, చట్టంలోనే అలా రాసేశారు. పేదలుండే వీధి అని వదిలేయకూడదన్న రక్షణ ఉంది గానీ, లైను వేసి తీరాలన్న షరతు లేదు. రెండోది నన్ను మరీ బాధపెట్టే సంగతి. ఎఫ్‌సీసీ కస్టమర్ సర్వీసు ప్రమాణాలు చాలా వివరంగా ఉంటాయి. మామూలు రోజుల్లో 90 శాతం సార్లు ఫోన్ 30 సెకన్లలోపు ఎత్తాలి. మామూలు కనెక్షన్ ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. సర్వీసు ఆగిపోతే 24 గంటల్లో పని మొదలుపెట్టాలి. టెక్నీషియన్ వస్తాడని చెప్పే సమయం నాలుగు గంటలకు మించకూడదు. ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఎదురుచూసిన ఎవరికైనా ఈ చివరి నిబంధన విలువ తెలుస్తుంది. టెక్సాస్ చట్టం ప్రకారం ఊళ్లో డిష్ కాకుండా రెండు కంపెనీలు సేవలు ఇస్తుంటే ఈ ప్రమాణాలు పాటించాల్సిన బాధ్యతే పోతుంది. పోటీ ఉంది కదా, నచ్చకపోతే రెండోదానికి మారిపోండి అని దాని తర్కం. రెండో కంపెనీ వైరు మీ వీధిలోకి రాకపోయినా, ఊళ్లో ఎక్కడో ఉంటే చాలు.

కంపెనీ అమ్ముడుపోయినప్పుడు కూడా ఈ తేడా కనబడుతుంది. ఊరి ఒప్పందం ఉన్నచోట కొత్త యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి, ఊరు 120 రోజుల్లో తేల్చాలి. టెక్సాస్‌లో నోటీసు ఇస్తే సరిపోతుంది. 2016 ఏప్రిల్‌లో వెరైజన్ తన టెక్సాస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా లైన్లను ఫ్రాంటియర్‌కు అప్పగించినప్పుడు చాలామందికి ఫోన్, ఇంటర్నెట్, టీవీ ఆగిపోయి పెద్ద రగడ అయింది. ఊరికి అధికారం ఉంటే అది జరిగేదే కాదని నేను అనను. మార్పిడికి ముందు ప్రశ్నలు అడిగే వేదిక ఒకటి ఊరికి ఉండేదని మాత్రం అంటాను.

మధ్యే మార్గాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా 2006లో రాష్ట్ర ఫ్రాంచైజ్ తెచ్చినా, కస్టమర్ సర్వీసు అమలు చేసే పని ఊళ్లకే ఉంచింది. న్యూజెర్సీలో ఊరి ఒప్పందమూ ఉంది, 2006 నుంచి రాష్ట్రవ్యాప్త ఫ్రాంచైజూ ఉంది. టెనెసీలోని చాటనూగా అయితే తన కరెంటు సంస్థ ఈపీబీ చేతే ఫైబర్ వేయించి టీవీ, ఇంటర్నెట్ అమ్ముతోంది. అది గొప్ప పని, కానీ సొంత కరెంటు సంస్థ లేని ఊరికి ఆ దారి కష్టం.

డబ్బు దగ్గర రెండు పద్ధతులకూ ఒకే దెబ్బ తగులుతోంది. ఫీజు 5 శాతం దాటకూడదన్న పరిమితి పాతదే. 2019లో ఎఫ్‌సీసీ, కంపెనీ ఊరికి ఉచితంగా ఇచ్చే చాలా సేవలను కూడా ఆ 5 శాతంలోనే లెక్కగట్టొచ్చంది. 2021లో సిక్స్త్ సర్క్యూట్ అనే కేంద్ర అప్పీళ్ల కోర్టు దాన్ని చాలావరకు సమర్థించింది. పైగా జనం కేబుల్ వదిలి స్ట్రీమింగ్‌కు వెళ్లిపోతున్నారు. నెట్‌ఫ్లిక్స్, హులూ కూడా ఫీజు కట్టాలని ఒహాయోలో ఒక ఊరు కోర్టుకెక్కితే 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. ఊరి చానల్‌లో కౌన్సిల్ మీటింగ్ లైవ్ చూపించే కెమెరాకు డబ్బు వచ్చేది ఈ ఫీజులోంచే, అది ఏటా కరిగిపోతోంది.

మన దగ్గర, అంటే భారత్‌లో, సంగతి దీనికి దాదాపు తలకిందులు. అమెరికాలో ఏ ప్రోగ్రామ్ చూపించాలో చెప్పే అధికారం ఊరికి లేదు, సర్వీసు గురించి మాత్రం అడగగలదు. మన 1995 కేబుల్ చట్టం కలెక్టర్, సబ్ కలెక్టర్, పోలీస్ కమిషనర్ లాంటివారికి ప్రసారం ఆపించే అధికారం, పరికరాలు స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చింది. మీ ఇంట్లో బొమ్మ గడ్డకట్టిపోతోందని చెబితే వినాల్సిన బాధ్యతను మున్సిపాలిటీకి పెట్టలేదు. రేట్లు, సర్వీసు ప్రమాణాలు ఢిల్లీలోని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చూస్తుంది. 2019లో వంద చానళ్లకు 130 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ అన్న లెక్క అక్కడి నుంచి వచ్చిందే. కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ ఒకప్పుడు హెడ్ పోస్టాఫీసులో జరిగేది. 2025 జనవరి నుంచి అదీ కేంద్ర సమాచార ప్రసార శాఖ పోర్టల్‌కు మారిపోయింది. ఆపరేటర్‌కు ఇది సులువే. ఊరికి మాత్రం ఉన్న చిన్న ఆనవాలూ పోయింది.

దాని ఫలితం స్తంభాల మీద వేలాడుతూ కనిపిస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ నగరంలో స్తంభాల మీది కేబుళ్లను తెగ్గోయడం మొదలుపెట్టింది, ఇళ్లలో నెట్, టీవీ ఆగిపోయాయి. వైరు ఎంత ఎత్తులో ఉండాలి, పాడైన వైరు ఎవరు తీయాలి, తీయకపోతే జరిమానా ఎంత అన్నవి మసాచుసెట్స్‌లో ఊరు ఒప్పందంలోనే పెట్టుకోగలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో నెలకు 149 రూపాయలకు ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు ప్రభుత్వమే తీగలు లాగించింది కాబట్టి ఊళ్లతో ఇలాంటి ఒప్పందాలు రాయడానికి మంచి అవకాశం వచ్చింది. అప్పుడు చర్చంతా ధర చుట్టూనే తిరిగింది.

ఊరి ఒప్పందానికి ఉన్న పెద్ద లోపం, అది ఊరివాళ్ల ఓపిక మీద ఆధారపడటం. సెలెక్ట్ బోర్డు పట్టించుకోకపోతే కంపెనీ లాయర్ తెచ్చిన ముసాయిదా మీదే సంతకం పడిపోతుంది. పాతికవేల జనాభా ఉన్న ఊరికి దేశవ్యాప్త కంపెనీతో సమానంగా బేరమాడటం తేలిక కాదు. టెక్సాస్ పద్ధతిలో ఆ తలనొప్పి ఉండదు. కానీ వీధి చివరి మూడిళ్ల గురించి అడగడానికి అక్కడ కుర్చీలో ఎవరూ కూర్చుని లేరు. అందుకే నాకు ఓపిక అడిగే పద్ధతే మేలనిపిస్తుంది.

మీరు ఊరి ఒప్పందం ఉన్న రాష్ట్రంలో ఉంటే, టౌన్ వెబ్‌సైట్‌లో కేబుల్ లైసెన్స్ అని వెతికి ముగిసే తేదీ చూడండి. అందులోంచి మూడేళ్లు వెనక్కి లెక్కేసుకోండి. ఆ సమయానికి మీ ఫిర్యాదులు తేదీలతో, ఫొటోలతో టౌన్ హాల్‌కు చేరి ఉండాలి. టెక్సాస్‌లో ఉంటే కౌన్సిల్‌కు చెప్పడం మానొద్దు, కానీ జవాబు రాకపోతే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. ఉచితమే.