చారిజార్డ్ కోసం కొన్న డెక్, పావురం మీద నడుస్తోంది

ఇది పోకెమాన్ కార్డుల ఆటలో చారిజార్డ్ ఈఎక్స్ అనే కార్డు చుట్టూ కట్టిన డెక్, అంటే 60 కార్డుల కట్ట. దీన్ని కొనేవాళ్ళు చారిజార్డ్‌ని చూసే కొంటారు. నేనూ అంతే. చాలాకాలం ఆడాక నాకు ఇందులో బాగా నచ్చిన కార్డు మాత్రం పిడ్జియట్ ఈఎక్స్ (ఈఎక్స్ అంటే మామూలు వాటికన్నా బలమైన పోకెమాన్). మా ఇంట్లో దాని పేరు పావురం. మేనల్లుడు పెట్టిన పేరు, ఇప్పుడు వాళ్ళ వీధి పిల్లలంతా అలాగే అంటున్నారు.

క్విక్ సెర్చ్ అనే దాని శక్తి గురించే ఈ సమీక్ష. మన టర్న్‌లో ఒకసారి డెక్ అంతా వెతికి, కావలసిన ఒక కార్డు చేతిలోకి తెచ్చుకోవచ్చు. ఏ కార్డయినా సరే. మిగతా వెతుకుడు కార్డులన్నిటికీ ఏదో ఒక మెలిక ఉంటుంది. అల్ట్రా బాల్ పోకెమాన్‌ని మాత్రమే తెస్తుంది, అదీ చేతిలోంచి రెండు కార్డులు పారేశాకే. ప్రొఫెసర్స్ రీసెర్చ్ ఏడు కార్డులిస్తుంది గానీ, ముందు చేతిలో ఉన్నవన్నీ పారేయమంటుంది. పావురానికి ఇవేమీ అక్కర్లేదు, బెంచ్ మీద, అంటే ముందు నిలబడి కొట్లాడే పోకెమాన్ వెనక వరసలో, కూర్చుంటే చాలు. అవతలివాడు ఐయోనో అనే కార్డు వేసి నా చేతిని ఒకటి రెండు కార్డులకి దించేసినా, పావురం బతికుంటే నాకు టెన్షన్ ఉండదు.

నా సంగతి ముందే చెప్పేస్తాను, మిగతాది ఆ కొలతతో చదవండి. మాది విజయనగరం. నేను ఆడేది మా అక్క కొడుకుతో, వాడి స్నేహితులతో, ఆదివారం మధ్యాహ్నాలు కంటోన్మెంట్‌లో అక్కావాళ్ళ హాల్లో. పోటీలకి వెళ్ళే రకం కాదు. రెడీమేడ్ డెక్‌తో మొదలుపెట్టి, విడి కార్డులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మారుస్తూ వచ్చాను. ఊళ్ళో ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డుల జోలికి పోకండి. పిల్లలకి అవి భలే ముద్దు, ఆడటానికి మాత్రం పనికిరావు. కొన్నిటి మీద హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే) అంకెలు చూస్తే నవ్వొస్తుంది.

డెక్‌ని మెరుగుపరచడం అనగానే మా వాడు ఇంకో రెండు పెద్ద ఈఎక్స్ కార్డులు కొనమన్నాడు. నేను ముందు కొన్నవి మాత్రం చిన్నవే. మొదటి ఏడు కార్డుల్లో ఒక్క బేసిక్ పోకెమాన్ (నేరుగా దించగలిగే మొదటి దశది) కూడా రాకపోతే చెయ్యంతా డెక్‌లో కలిపేసి మళ్ళీ తీయాలి, దానికి అవతలివాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. 60లో బేసిక్‌లు 8 మాత్రమే ఉంటే ఇలా జరిగే అవకాశం నూటికి దాదాపు 35. వాటిని 12 చేస్తే నూటికి 19కి దిగుతుంది. చారిజార్డ్‌కీ పావురానికీ మొదటి దశలైన చార్మాండర్లు, పిడ్జీలు పెంచి, వాటిని నేరుగా బెంచ్ మీదకి దించే బడ్డీ బడ్డీ పాఫిన్ నాలుగు పెట్టాక డెక్ నడకే మారిపోయింది. 70 హెచ్‌పీ దాటని బేసిక్‌లని ఒకేసారి రెండు తెస్తుంది ఆ కార్డు. నా చార్మాండర్, పిడ్జీ రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. బేసిక్‌ని మధ్య దశ లేకుండానే చివరి దశకి ఎక్కించే రేర్ క్యాండీ కూడా నాలుగు ఉండాల్సిందే, ఎందుకంటే చారిజార్డ్‌కీ అదే కావాలి, పావురానికీ అదే కావాలి. మొదటి క్యాండీ నేనెప్పుడూ పావురానికే ఇస్తాను. అది దిగితే రెండోదాన్ని అదే వెతికి తెస్తుంది.

పావురం దిగిన డెక్‌లో ప్రతి కార్డుకీ నాలుగేసి కాపీలు అక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి అవసరమయ్యేది ఒక్కటి ఉన్నా చాలు, వెతికి తెచ్చుకోవచ్చు. అలా అవతలివాడి బెంచ్ మీది పోకెమాన్‌ని ముందుకి లాగే బాస్ ఆర్డర్స్ రెండుకి, పడిపోయినవాటిని తిరిగి డెక్‌లో కలిపే సూపర్ రాడ్ ఒకటికి తగ్గించాను. స్టేడియం కార్డు కూడా ఒక్కటే. ఖాళీ అయిన చోట్లలో ఒక్కో పనికి ఒక్కో కార్డు పెట్టాను. ఇంకో లాభం కూడా ఉంది. మొదటిసారి డెక్ వెతికేటప్పుడే ఏమేం లేవో చూసుకుంటే ప్రైజుల్లో ఏవి ఇరుక్కున్నాయో తెలిసిపోతుంది. ప్రైజులంటే ఆట మొదట్లో పక్కన పెట్టే కార్డులు; అవతలి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా తీసుకుంటాం, ముందు తనవన్నీ తీసుకున్నవాడిదే గెలుపు. 60లో 6 పక్కకి పోతాయి కాబట్టి, ఒక్క కాపీ ఉన్న కార్డు అక్కడ చిక్కుకునే అవకాశం పదింట ఒకటి. తెలిసి ఆడటానికీ తెలియక ఆడటానికీ చాలా తేడా ఉంది.

మొన్న వేసవి సెలవుల దాకా ఈ డెక్ గురించి ఎవరడిగినా ఇంతవరకే చెప్పేవాణ్ణి.

సెలవుల్లో మా వాడి స్నేహితుడొకడు మిరైడన్ ఈఎక్స్ డెక్ పట్టుకొచ్చాడు. పదో తరగతి రాసి ఖాళీగా ఉన్నాడు, రోజంతా అదే పని. మిరైడన్ తన టర్న్‌లో డెక్‌లోంచి రెండు ఎలక్ట్రిక్ బేసిక్‌లని బెంచ్ మీదకి దించుతుంది, దెబ్బ కొట్టడానికి కావలసిన ఎనర్జీ కార్డులు అందించే ఎలక్ట్రిక్ జనరేటర్ తగిలితే రెండో టర్న్‌కే 220 కొట్టేస్తుంది. నా చారిజార్డ్‌కి 330 హెచ్‌పీ, ఒక్క దెబ్బకి పడదు. పైగా అవతలివాడు తీసుకున్న ఒక్కో ప్రైజుకీ దాని దెబ్బ 180 మీద 30 చొప్పున పెరుగుతుంది. అందుకే ధైర్యంగానే ఉన్నాను.

ఆట సగం దాటేసరికి నాకు రెండు ప్రైజులే మిగిలాయి. నా మొదటి చారిజార్డ్ పడిపోయింది, వాడికి రెండు ప్రైజులు వెళ్ళాయి. అయినా ఆట నా చేతిలోనే ఉంది అనుకున్నాను. బెంచ్ మీద చార్మాండర్, చేతిలో క్యాండీ. వచ్చే టర్న్‌లో పావురం రెండో చారిజార్డ్‌ని తెస్తుంది, అది దిగుతూనే డెక్‌లోంచి మూడు ఫైర్ ఎనర్జీలు తెచ్చుకుంటుంది, 240 దెబ్బకి ఎదురుగా ఉన్న మిరైడన్ పోతుంది, ఆట అయిపోతుంది. మా అక్క టీ తెచ్చి పెట్టింది. వాడు టీ ముట్టుకోలేదు, బాస్ ఆర్డర్స్ వేశాడు. "అంకుల్, పావురాన్ని ముందుకి పంపండి."

పిడ్జియట్‌కి 280 హెచ్‌పీ. బలహీనత ఎలక్ట్రిక్‌కే. 220 దెబ్బ రెండింతలై 440 అయింది. ఈఎక్స్ కాబట్టి ఇంకో రెండు ప్రైజులు. ఇప్పుడు వాడికీ రెండే మిగిలాయి.

నా టర్న్ వచ్చింది. తీసిన కార్డు ఎనర్జీ. చేతిలో క్యాండీ ఉంది, చారిజార్డ్ లేదు. చారిజార్డ్ డెక్‌లోనే ఉందని నాకు తెలుసు, తీసుకొచ్చే దిక్కు లేదు. నాలుగేసి ఉండాల్సిన కార్డులన్నీ పావురాన్ని నమ్ముకుని ఒకటీ రెండుకి తగ్గించిన డెక్ అది. చార్మాండర్‌ని ముందు నిలబెట్టి టర్న్ వదిలేశాను. వాడు మిరైడన్‌ని వెనక్కి తీసి ఐరన్ హ్యాండ్స్ ఈఎక్స్‌ని తెచ్చాడు. దాని పెద్ద దెబ్బ 120, దాంతో ఎవరినైనా పడగొడితే ఒక ప్రైజు ఎక్కువ వస్తుంది. మామూలుగా చార్మాండర్‌కి ఒక్క ప్రైజే, ఇక్కడ రెండు. ఆట అక్కడితో సరి. "ఏటి మావయ్యా, పావురం లేకపోతే అంతేనా?" అన్నాడు మా వాడు, నా పక్షాన కూర్చున్నవాడే.

ఎవరి డెక్ వాళ్ళది, వాడు బాగా ఆడాడు. కోపమల్లా కార్డు మీదే. ఆటంతా బెంచ్ మీద కూర్చుని పనిచేసే కార్డుని ఒక్క బాస్ ఆర్డర్స్ ముందుకి లాగేస్తుంటే, దాని చుట్టూ మొత్తం డెక్ కట్టుకోమంటారా? ఎలక్ట్రిక్ కాని డెక్‌ల మీద ఈ బాధ బాగా తక్కువ, ఆ మాటా చెప్పాలి. 280 హెచ్‌పీని ఒక్క దెబ్బతో తీయడం అందరికీ చేతకాదు.

తర్వాత డెక్ మళ్ళీ విప్పాను. సరదాగా పెట్టుకున్న ఒంటరి కార్డులు నాలుగు తీసేసి నైట్ స్ట్రెచర్ రెండు, ఆర్వెన్ ఇంకో రెండు పెట్టాను. నైట్ స్ట్రెచర్ పడిపోయిన పోకెమాన్‌ని చేతిలోకి తెస్తుంది, ఆర్వెన్ ఒక ఐటమ్‌ని, ఒక టూల్‌ని వెతుకుతుంది. బెంచ్ మీద చోటుంటే రెండో పిడ్జీ ఎప్పుడూ ఉంటుంది. డెక్ ఇప్పుడు కొంచెం మొద్దుగా నడుస్తుంది, నిజమే. పావురం పోయాక కూడా ఆడగలుగుతున్నాను.

ఇంకో రెండు చికాకులు. క్విక్ సెర్చ్ వాడిన ప్రతిసారీ డెక్ కలపాలి. అంటే ఒక్కో ఆటలో కలపడానికే బోలెడంత సమయం పోతుంది, ఎదురుగా పదేళ్ళ పిల్లాడుంటే మరీ కష్టం. "ఇంకా ఎంతసేపు ఎతుకుతావ్ మావయ్యా" అనిపించుకున్నాక టేబుల్ మీద ఫోన్‌లో నిమిషం పెట్టుకుంటున్నాను. స్లీవ్‌లు (కార్డుల తొడుగులు) అంచులు నలిగి త్వరగా పోతాయి, రెండో ప్యాకెట్ ముందే కొని ఉంచుకోండి. మెరిసే కార్డులకి మన గాలిలో తేమ పడదు. వానాకాలంలో నా పిడ్జియట్ విల్లులా వంగింది. డెక్ పక్క నుంచి చూస్తే ఎక్కడుందో తెలిసిపోయేది. పోటీల్లో అయితే గుర్తు పెట్టిన కార్డుగా లెక్క, ఇంట్లో అయితే పిల్లలు దొంగాట అంటారు. డబుల్ స్లీవ్ వేసి, బరువైన పుస్తకాల కింద పెట్టాక చాలావరకు తిన్నబడింది.

పోటీల్లో ఆడాలనుకునేవాళ్ళు కార్డు కింద మూలలో ఉన్న అక్షరం చూసుకుని కొనండి. స్టాండర్డ్ ఆటలో పాత అక్షరాలు తీసేస్తూ ఉంటారు, 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం కార్డులు అలాగే పోయాయి. ఇంట్లో ఆడుకునేవాళ్ళకి దాంతో పని లేదు.

కొనొచ్చా అంటే, నాలాగా వెతకడం, లెక్కపెట్టడం ఇష్టమైతే కొనొచ్చు. పదేళ్ళలోపు పిల్లలకి కొనేటట్టయితే మిరైడన్ లాంటిది నయం, దించడం, కొట్టడం అంతే. ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ లైవ్ మీదే ఆడేవాళ్ళకి కలపడం, వంగడం అనే గొడవ లేదు, వాళ్ళు నాకన్నా సుఖపడతారు. మీ ఎదురుగా కూర్చునేవాడి దగ్గర ఎలక్ట్రిక్ డెక్ ఉంటే మాత్రం, కొనే ముందు ఒకసారి వాడితో అరువు కార్డులతో ఆడి చూడండి. నేనైతే ఆ కుర్రాడు ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్ళేదాకా పావురాన్ని రెండో టర్న్‌కి దించడం మానేద్దామా అని ఇంకా ఆలోచిస్తున్నాను.