మైన్ లియా: చుట్టూ తిరిగి చూడవలసిన నిలువురాయి

దక్షిణ వేల్స్‌లో, మొదట బ్రెకన్ బీకన్స్‌గా పేరుపొంది 2023 నుంచి బన్నై బ్రహైన్యోగ్ అన్న వెల్ష్ పేరుతోనే వ్యవహరింపబడుతున్న జాతీయ ఉద్యానవనంలో, అస్ట్రాడ్‌వెల్టె గ్రామం నుంచి హెయోల్ సెన్ని వైపు కొండమీదుగా సాగే ఇరుకు దారి పక్కన మైన్ లియా అనే నిలువురాయి ఉన్నది. అస్ట్రాడ్‌వెల్టె పరిసరాల జలపాతాలను చూడబోయేవారు ఇంకొంత దూరం ఉత్తరానికి వెళ్ళి దీనిని కూడా తప్పక చూడాలని నా సలహా.

దీని ఎత్తు 3.7 మీటర్లు, వెడల్పు 2.8 మీటర్లు, మందం మాత్రం 0.6 మీటరే. దారి మీద నుంచి కనిపించేది విశాలమైన ముఖం కనుక, కారులోంచే చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవారికి ఇది ఒక పెద్ద బండగానే మిగిలిపోతుంది. దిగి, చుట్టూ నెమ్మదిగా నడిస్తే, అంత పెద్ద పలక క్రమంగా సన్నబడుతూ దక్షిణం వైపు చేరేసరికి నిలువు గీతలా మారుతుంది. కంచుయుగపు మనుషులు దానిని లోయ సాగే దిశలోనే, ఉత్తర దక్షిణాలుగా నిలబెట్టారు. ఇది సరిహద్దు గుర్తు కావచ్చుననీ, దారి గుర్తు కావచ్చుననీ రెండు ఊహలున్నాయి. లియా వాగు లోయ ముగిసి అవతలి లోయలోకి దిగే కనుమ దగ్గర ఉండడం వల్ల రెండవదే నాకు సబబుగా తోచింది. కోడి కూసినప్పుడు ఈ రాయి నీత్ నదికి వెళ్ళి నీళ్ళు తాగి వస్తుందని అక్కడివారి కథ.

2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరిన నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు కృష్ణా తీరాన గుంపులుగా ఉంటాయి. ఇక్కడ మాత్రం చెట్టు నీడ కూడా లేని గడ్డి కొండల మధ్య రాయి ఒక్కటే ఉన్నది, ఆ ఒంటరితనమే దీనికి ఇంత గాంభీర్యం ఇచ్చిందని నేను నమ్ముతున్నాను.

టికెట్టు లేదు. రాయి దగ్గర టీకొట్టు గాని, మరుగుదొడ్డి గాని లేవు కనుక చిన్నపిల్లలతో, పెద్దవారితో వెళ్ళేవారు ముందే ఏర్పాట్లు చూసుకోవాలి. నేల చాలాకాలం చిత్తడిగా ఉంటుంది. మామూలు చెప్పులు పనికిరావు. గొర్రెలు మేసే చోటు కాబట్టి కుక్కలను వదలకూడదు. చట్టరక్షణలో ఉన్న ఈ ప్రాచీన కట్టడం మీదకు పిల్లలను ఎక్కనివ్వవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఏటవాలు వెలుగులో రాతి గరుకుదనం స్పష్టంగా తేలుతుంది కనుక సాయంకాలం వెళ్ళడం మేలు. 2013 నుంచి ఈ ప్రాంతం చీకటి ఆకాశ పరిరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందినందున, మబ్బు లేకపోతే రాత్రి దాకా ఆగి నక్షత్రాలను కూడా చూడవచ్చు.

పగలు సమయం మిగిలితే, మూడు నాలుగు కిలోమీటర్ల దక్షిణాన సార్న్ హెలెన్ అనే పాత రోమన్ దారి పక్కన నిలబడి ఉన్న మైన్ మాడొక్‌ను కూడా చూడండి. యుస్తుస్ కుమారుడు దెర్వాకుస్ ఇక్కడ సమాధిలో ఉన్నాడని దాని మీద లాటిన్‌లో చెక్కి ఉన్నది.