‘ఆరుగురికి సరిపోయే వాటర్‌ప్రూఫ్ టెంట్’ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

చలి మొదలయ్యేసరికి ఆన్‌లైన్ అంగళ్ళలో ఒకే రకం ప్రకటన తెగ కనిపిస్తుంది. ‘ఫ్యామిలీ క్యాంపింగ్ కాంబో: ఆరుగురి వాటర్‌ప్రూఫ్ టెంట్, స్లీపింగ్ బ్యాగులు, గాలి పరుపు, చిన్న గ్యాస్ స్టవ్’. ధర చూస్తే రిసార్టులో ఒక రాత్రి గది అద్దెకు అటూ ఇటూగా ఉంటుంది. పిల్లల్ని తీసుకుని లంబసింగికో వంజంగికో గండికోటకో వెళ్దామనుకునేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ పెట్టెలో వచ్చే సామానులో ఏది ఎందుకు పాడవుతుందో, వెనక్కి పంపే గడువు దాటకముందే దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్తాం.

ముందు ‘ఆరుగురు’ అన్న లెక్క తేలుద్దాం. ఈ రకం టెంట్ల నేల కొలత తరచుగా 220 × 250 సెం.మీ. ఉంటుంది. 250ని ఆరుతో భాగిస్తే మనిషికి 42 సెం.మీ. కూడా రావు. మన ఇళ్ళలో ఒంటి మంచం పరుపే మూడడుగులు, అంటే 91 సెం.మీ. టెంట్లో అంత అక్కర్లేదు గానీ, పెద్దవాళ్ళు అటూ ఇటూ దొర్లాలంటే 70, చిన్న పిల్లలకు 55 అయినా కావాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అనుకుంటే 70+70+55+55, సరిగ్గా 250. ఆరుగురి టెంట్ నలుగురికి కొలిచినట్టు సరిపోయింది, అదీ సంచులు బయట పెట్టుకుంటే. ‘నలుగురిది’ అని అమ్మే 200 × 200 టెంట్ ఇద్దరు పెద్దలకూ ఒక బిడ్డకూ. అమ్మమ్మా తాతయ్యా కూడా వస్తుంటే ఇంకా పెద్ద టెంట్ వెతక్కండి, రెండోది తీసుకోండి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్ళు పిల్లల్ని దాటుకుంటూ జిప్పు వెతుక్కోవడం ఎవరికీ సుఖం కాదు.

పొడవులో ఇంకో మోసం ఉంది. గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి రెండు చివర్లా ఒక్కో జానెడు చోటు పనికిరాదు. 200 సెం.మీ. పొడవున్న టెంట్లో అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి పడుకుంటే కాళ్ళో తలో గోడకు ఆనుతుంది. ఆనిన చోట పొద్దున్నకు దుప్పటి తడుస్తుంది. ఎందుకన్నది కింద చెప్తాం.

ఇక ‘వాటర్‌ప్రూఫ్’. ప్రకటనలో ‘190టీ పాలిస్టర్’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది నేతలో పోగుల లెక్క, నీళ్ళు ఆపే లెక్క కాదు. మీరు వెతకాల్సింది మిల్లీమీటర్లలో ఉండే అంకె: గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే అది కారడం మొదలవుతుందో ఆ కొలత. పైకప్పుకు 1500 నుంచి 2000 మి.మీ., నేలకు 3000 మి.మీ. ఉంటే మన వానలకు చాలు. నేలకు ఎందుకు ఎక్కువంటే, మోకాలు ఆనించి కూర్చుంటే ఒళ్ళు బరువంతా ఆ చిన్న జాగా మీద పడి, కింది తడిని పైకి నొక్కుతుంది. ఈ అంకె ఎక్కడా లేకపోతే, ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటకు విలువ లేదనే అనుకోండి. ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే మంచు చినుకులకు పనికొస్తుందని అర్థం.

చలికాలంలో వానేమిటి అంటారు కొందరు. మన కోస్తాకూ రాయలసీమకూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫానులు ముసిరేదీ అప్పుడే. గండికోటకు టెంట్ వేసుకోవడానికి జనం వెళ్ళేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

గుడ్డ మంచిదైనా టెంట్ కారేది కుట్ల దగ్గర. సూది పడిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. సరైన టెంట్లో పైకప్పు లోపలి వైపు ప్రతి కుట్టు మీదా వేలెడు వెడల్పున పారదర్శకమైన టేపు వేడిచేసి అతికించి ఉంటుంది. చౌక రకంలో ఆ టేపు అసలు ఉండదు, లేదా నేల కుట్లకు మాత్రమే వేసి పైన వదిలేస్తారు. టెంట్ తెరవగానే చూడాల్సిన మొదటి విషయం ఇదే, అరనిమిషం పని.

రెండోది పైకప్పు కొలత. ఫొటోలో టెంట్ నడినెత్తిన చిన్న టోపీలాంటి గుడ్డ ఒక్కటే కనిపిస్తే దాని జోలికి పోకండి. వాన నిట్టనిలువుగా పడితే అది కాస్తుంది, గాలితో ఏటవాలుగా కొడితే పక్క కిటికీల వల లోంచి నేరుగా పరుపు మీదకే. కుటుంబానికి కావాల్సింది లోపలి గూడు వేరు, నేల దాకా దిగే బయటి కప్పు వేరు ఉన్న రెండు పొరల టెంట్. రెండింటి మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి.

ఆ సందు వానకే కాదు, ఊపిరికీ అవసరం. లంబసింగి లాంటి చోట తెల్లవారుజామున గుడ్డ మంచుముద్దలా చల్లబడుతుంది. లోపల నలుగురి ఊపిరిలోని తేమ దానికి తగిలి నీళ్ళవుతుంది. ఒంటి పొర టెంట్లో ఆ నీళ్ళు నేరుగా మీ దుప్పటి మీదకే జారతాయి. చాలామంది దీన్ని కారుతోందనుకుని వెనక్కి పంపుతారు, అమ్మినవాడు ‘వాన పడలేదు కదా’ అని తిప్పికొడతాడు. తేడా పట్టడం తేలికే: తడి కుట్ల వెంట గీతల్లా ఉంటే కారుతున్నట్టు, గోడంతా సమంగా చెమట పట్టినట్టుంటే అది ఊపిరి తేమ. దానికి విరుగుడు, చలేసినా సరే పైన ఎదురెదురు కిటికీలు నాలుగు వేళ్ళ మందం తెరిచి ఉంచడం. పూర్తిగా మూసేస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు, తడిసిన పక్క ఇంకా చలి పెడుతుంది.

తాడు లాగితే గొడుగులా తెరుచుకునే ‘ఆటోమేటిక్’ టెంట్ల మీద ప్రత్యేకంగా ఒక మాట. కర్రలన్నీ నడినెత్తిన ఒక ప్లాస్టిక్ కీలులో కలుస్తాయి. ఆ కీలు విరిగితే టెంట్ మొత్తం పడుకుంటుంది, విడిగా దొరకదు. మామూలు కర్రల టెంట్ వేయడానికి పావుగంట ఎక్కువ పట్టినా, ఒక కర్ర విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. ఫైబర్‌గ్లాస్ కర్ర ఎక్కువగా ముక్కల్ని కలిపే లోహపు గొట్టం అంచు దగ్గర చీలుతుంది, ముక్కను గొట్టంలోకి పూర్తిగా దిగనివ్వకుండా వంచడం వల్ల. దిగినట్టు చూసుకుని వంచండి. టెంట్ గుడ్డ సందులోంచి కర్ర తీసేటప్పుడు లాగొద్దు, నెట్టండి. లాగితే ముక్కలు లోపలే ఊడిపోతాయి. చీలిన ఫైబర్ సన్నటి ముళ్ళలా గుచ్చుకుంటుంది, పిల్లల చేతికి ఇవ్వకండి. కర్ర మీదుగా జారే జానెడు లోహపు గొట్టం ముక్క, మంచి టేపు దగ్గరుంచుకుంటే ఆ రాత్రి గడుస్తుంది.

పెట్టెలో ఇచ్చే మేకులు సన్నటి తీగలు. రాతి నేలలో మొదటి దెబ్బకే వంగుతాయి. హార్డ్‌వేర్ షాపులో ఎనిమిదంగుళాల ఇనుప మేకులు పది, వాటి తలకు సరిపోయే వాషర్లు పది కొనండి. గండికోట బండల మీద అవీ దిగవు, అక్కడ తాళ్ళను పెద్ద రాళ్ళకు కట్టాలి. అందుకే పెట్టెలోని ప్లాస్టిక్ దారం పక్కన పడేసి 4 మి.మీ. నైలాన్ తాడు ఇరవై మీటర్లు పట్టుకెళ్ళండి.

నేల కింద పరిచే టార్పాలిన్ టెంట్ కన్నా పెద్దదిగా ఉండకూడదు. అంచులు బయటికి వస్తే పైనుంచి జారిన వాన అందులో నిలిచి నేల కిందకి చేరుతుంది. నాలుగు వైపులా లోపలికి మడిచేయండి.

స్లీపింగ్ బ్యాగుల విషయంలో కాంబోలు చేసే మోసం ఇంకా నాజూకైనది. ‘0 డిగ్రీల బ్యాగ్’ అంటారు. ఈ బ్యాగులకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537లో ప్రధానంగా చూడాల్సిన అంకెలు మూడు: హాయిగా పడుకోగలిగే ఉష్ణోగ్రత, ముడుచుకుని తట్టుకునే హద్దు, ప్రాణం నిలబెట్టుకునే చివరి హద్దు. ఒకే అంకె వేసి, అది ఏదో చెప్పకపోతే హాయిగా పడుకునే అంకె మాత్రం కాదనే అనుకోవాలి. కారులో వెళ్ళే కుటుంబానికి నిజానికి ఈ బ్యాగులే అక్కర్లేదు. ఇంట్లో ఉన్న రగ్గులు, బొంతలు వేసుకుని వెళ్ళండి. ఒక బొంత మీద కప్పుకోవడానికి కాదు, కింద పరుచుకోవడానికి. చలి ఎక్కువ పీల్చేది నేల.

గాలి పరుపు వల్లా ఇదే బాధ. లోపలి గాలి నేలతోపాటు చల్లబడి రాత్రంతా వీపుకు చలి తగులుతుంది. చల్లబడ్డ గాలి కుంచించుకుపోయి పరుపు మెత్తబడుతుంది, పంచరనుకుని కంగారుపడక్కర్లేదు. పైన బొంత పరిచి, పడుకునేముందు మరోసారి గాలి కొట్టండి. కొనేముందు పంపు కారు సాకెట్‌తో పనిచేస్తుందో, ఇంటి ప్లగ్గు కావాలో చూడండి.

గ్యాస్ స్టవ్ మాత్రం ప్రాణం మీద విషయం. టెంట్ లోపల స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకండి, చలి కాచుకోవడానికి అయిదు నిమిషాలైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. చిన్న డబ్బాల్లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఆవిరి కాదు, అయిదు డిగ్రీలకే మంట నీరసిస్తుంది. డబ్బాను దుప్పట్లో పెట్టుకుని కాస్త వెచ్చబరచి వాడండి గానీ మంట దగ్గర పెట్టొద్దు, గాలి అడ్డంకని చుట్టూ రేకు బిగించొద్దు, డబ్బా వేడెక్కి పేలుతుంది. ఈ డబ్బాలను రైల్లో, విమానంలో తీసుకెళ్ళనివ్వరు.

‘వెళ్ళినచోటే అద్దెకు తీసుకుంటాం’ అనేవాళ్ళకు: అక్కడా ఇదే చౌక టెంట్లు ఎదురవుతాయి. ముందే మొత్తం పంపకండి. వేసిన టెంట్ ఫొటో కాదు, లోపలి కుట్ల ఫొటో అడగండి. నేల వాలుకు అడుగున వేశారేమో, మరుగుదొడ్డి ఎంత దూరమో కూడా అడగండి.

రివ్యూలు చూసేటప్పుడు అయిదు నక్షత్రాలవి వదిలేయండి, అవి ఎక్కువగా హాల్లో టెంట్ వేసి చూసుకున్న రోజు రాసినవి. ఒకటి, రెండు నక్షత్రాలవి చదవండి, అందులోనూ జూన్ నుంచి నవంబరు మధ్య రాసినవి, అంటే వానలో వాడినవి.

ఇప్పుడు అసలు పని. పార్సిల్ రాగానే వీడియో తీస్తూ తెరవండి. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ధర ఉన్నాయో చూసి ఫొటో తీయండి. అదే రోజు డాబా మీద టెంట్ వేయండి. మేకులు దిగవు కాబట్టి మూలలకు ఇటుకలు. జిప్పులన్నీ ఇరవైసార్లు తెరిచి మూయండి, వంపు దగ్గర గుడ్డ పట్టేస్తుంటే ఫొటో. ఒకరు లోపల పొడి కాగితాలు పరిచి కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో పావుగంట నీళ్ళు కొట్టాలి, నేరుగా కుట్ల మీద కాకుండా పైనుంచి వాన పడ్డట్టు. చీకటి పడ్డాక లోపల టార్చి వెలిగించి బయటి నుంచి చూస్తే సూది రంధ్రాలు మెరుస్తాయి. ఆరబెట్టి మడవండి; తడిగా మూటగడితే లోపలి పూత జిగటగా అయి ఊడిపోతుంది, తిరిగి తీసుకునేవాడికి సాకు దొరుకుతుంది.

తిరిగి పంపే గడువు తరచు ఏడు లేక పది రోజులు, కొన్నిటికి ‘మార్పిడి మాత్రమే’ అని ఉంటుంది. సరుకు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకపోయినా తీసుకోనని, డబ్బివ్వనని అమ్మకందారు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పవు. అందుకే కొన్నరోజే ప్రకటన పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. తర్వాత ‘ఆరుగురు’ కాస్తా ‘నలుగురు’ అయిపోవచ్చు. ఫిర్యాదును ఆ ఆన్‌లైన్ అంగడి గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాతలో పంపండి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. బిల్లు, వీడియో, తడిసిన కాగితాల ఫొటోలు అప్పటిదాకా చెరపకండి.