కప్పల ట్యాంక్ శుద్ధికి సాదా బ్లీచ్: గాజుకు భేష్, చెక్కకు దండగ

రేటింగ్: 5కి 4

కొత్త కప్పను దించే ముందు పాత ట్యాంక్‌ను శుద్ధి చేయడానికి బట్టలకు వాడే బ్లీచ్ చాలు, వాడే తీరు తెలియాలంతే. కప్పలకు ప్రాణాంతక రోగాలు తెచ్చే కైట్రిడ్ ఫంగస్ (1999లో శాస్త్రవేత్తలు పేరుపెట్టినది), రానావైరస్ రెండూ దీనికి లొంగుతాయి. సువాసన కలిపినవి, చిమ్మకుండా చిక్కబరిచినవి మాత్రం కొనొద్దు. లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ 5–6 శాతం అని ఉన్న సాదా రకమే కావాలి. ఏళ్లతరబడి మూలనపడ్డ సీసాలో వాసన మిగిలినా పస ఉండదు.

100 మి.లీ. బ్లీచ్‌కి 900 మి.లీ. చన్నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి.

ఎక్కువమంది దెబ్బతినేది కడగకుండా పోసే దగ్గర. మట్టి, రెట్ట, జిగురు ఉంటే క్లోరిన్ బలమంతా వాటికే ఖర్చయిపోతుంది, క్రిములు క్షేమంగా ఉంటాయి. మూలల్లో సిలికాన్ అతుకు వెంబడి గోధుమరంగు పొర ఒకటి పడుతుంది. తలుపు జారే గాడిలోనూ అదే. పాత టూత్‌బ్రష్‌తో వేడినీళ్లు పోస్తూ అది పూర్తిగా వదిలేదాకా తోమాలి. నీటి మరకలకు వెనిగర్ వాడితే బాగా కడిగేశాకే బ్లీచ్ పట్టాలి, కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి పెట్టండి.

పట్టించాక 15 నిమిషాలు గాజు తడిగానే ఉండాలి. ఆరుతుంటే బ్లీచ్ నీళ్లు మళ్లీ పట్టించాలి, తుడవకూడదు.

తర్వాత కడగడం. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. కాబట్టి మిగిలిన బ్లీచ్ నేరుగా ఒంట్లోకే పోతుంది. వేలితో రాస్తే జారుడుగా తగిలితే ఇంకా ఉన్నట్టే. చివరి నీళ్లలో సోడియం థయోసల్ఫేట్ ఉన్న డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) కలిపి, ఆ తర్వాత ఒకరోజు పూర్తిగా ఆరనివ్వాలి.

మార్కు తగ్గించింది ఎందుకంటే, చెక్క, కార్క్, నాచులాంటివి బ్లీచ్‌ను పీల్చుకుని వదలవు. వాటిని పారేయడమే మేలు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దీనికి చావదు, దానికి మరిగే నీళ్లో ఆవిరో కావాలి. ఇనుప జాలీ తుప్పుపడుతుంది.

మేత పెట్టే పట్టకారు, నీళ్ల గిన్నె, స్ప్రే సీసా మూత కూడా ఇదే బ్లీచ్ నీళ్లలో నానాలి. ట్యాంక్ తళతళలాడుతున్నా, పాత పట్టకారుతో పెట్టే మొదటి పురుగుతోనే రోగం మళ్లీ లోపలికొస్తుంది.