గ్రెయిన్ ఫ్రీ డాగ్ ఫుడ్: రెండు వానాకాలాలు పెట్టి చూశాక

కుక్కకు అన్నం మానిపిస్తున్నామంటే నెల్లూరులో ఎవరూ ఒప్పుకోరు. మొలగొలుకులకు పేరుపడిన జిల్లా ఇది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగో చారో కలిపి గిన్నెలో పోస్తే కుక్కలు పెరిగిపోయిన ఊళ్ళు. అలాంటి చోట మా లాబ్రడార్ సింబాకు బియ్యం, గోధుమ, మొక్కజొన్న ఏదీ లేని డ్రై ఫుడ్ పెట్టాం. రెండు వానాకాలాలు, మధ్యలో ఒక రోహిణి కార్తె దాటాయి. తేలిందేమిటో ముందే చెప్తాను. తిండి నాణ్యమైనదే, వాడికి మేలూ జరిగింది. కానీ ఆ మేలు సంచి మీద పెద్ద అక్షరాలతో ఉన్న 'గ్రెయిన్ ఫ్రీ' వల్ల జరిగింది కాదు. అది చూసే చాలామంది అంత డబ్బు పోసి కొంటున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఈ రకం తిండి మొత్తానికీ వర్తిస్తుంది.

సింబాకు నాలుగో ఏడు నడుస్తుండగా చెవుల బాధ మొదలైంది. లోపల ఎర్రగా కంది, గోధుమరంగు గులిమి, పులిసిన పిండి వాసన. ముందుకాళ్ళ వేళ్ళ సందులు నాకీ నాకీ లేత బొచ్చు కాస్తా ఇటుకరంగుకు తిరిగింది. డాక్టరు గారు వెంటనే తిండి జోలికి పోలేదు. ముందు గోమార్లకు మందు వేశారు. చెవిలో గులిమి తీసి మైక్రోస్కోపు కింద చూసి ఈస్టు ఉందని చుక్కలు రాశారు. అది సరైన పద్ధతని ఇప్పటికీ అంటాను. మన దగ్గర కుక్క గోక్కుంటోందంటే ముందు చూడాల్సింది గోమార్లను, వానాకాలపు చెమ్మను. మందు వాడినంత కాలం తగ్గేది, ఆపితే మళ్ళీ మొదటికే వచ్చేది. అలా ఒకటికి రెండుసార్లు అయ్యాకే ఆయన "తిండి మార్చి చూద్దాం" అన్నారు.

అప్పటిదాకా వాడి తిండి పొద్దున చికెన్‌తో చేసిన మామూలు డ్రై ఫుడ్, రాత్రికి నూకల అన్నంలో చికెన్ షాపు నుంచి తెచ్చిన కాళ్ళు, మెడలు ఉడికించి కలిపింది. ఈ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. కుక్క ఇంతకుముందు తినని మాంసంతో చేసిన తిండి ఒక్కటే, కనీసం ఎనిమిది వారాలు, ఇంకేదీ నోట్లో పడకుండా పెట్టాలి. అందుకు హైడ్రొలైజ్డ్ ప్రొటీన్ తిండి, అంటే ఒంటికి పడకపోవడమనేది రాకుండా మాంసకృత్తులను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టింది, మేలైనదట, అది మాకు క్రమం తప్పకుండా దొరికే దారి కనపడలేదు. చేపతో చేసినది, చికెన్ కలవనిది వెతికితే చేతికొచ్చింది ఈ గ్రెయిన్ ఫ్రీ సంచి. మేము ఎంచుకున్నది చేపను. గింజలు లేకపోవడం దానితో పాటు వచ్చింది. అసలు సంగతంతా ఇక్కడే ఉంది కాబట్టి గుర్తు పెట్టుకోండి.

ఈ తిండి కొనాలనుకునేవాళ్ళు సంచి ముందువైపు చూడటం మానేసి వెనక్కి తిప్పండి. పదార్థాల పట్టీలో ఏది బరువెక్కువో అది ముందు ఉంటుంది, అదీ వండకముందు బరువు. పచ్చి మాంసంలో 70 శాతం దాకా నీళ్ళే. 'తాజా చికెన్' మొదట ఉందని మురిసిపోతే, నీళ్ళు ఇగిరాక అది ఎక్కడో కిందకు పోతుంది. ఎండబెట్టిన చేప పొడి, చికెన్ మీల్ (కోడిమాంసం పొడి) లాంటివి పేరుకు బాగోకపోయినా వాటిలో నీళ్ళు పెద్దగా ఉండవు, మాంసకృత్తులు చిక్కగా ఉంటాయి. ఇంకో కిటుకు బఠాణీలది. బఠాణీ, బఠాణీ ప్రొటీన్, బఠాణీ పీచు, బఠాణీ పిండి అని నాలుగు పేర్లుగా విడగొట్టి రాస్తారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటి కొంచెమే. కలిపితే మాంసాన్ని మించిపోయే సంచులు ఉన్నాయి.

గింజలు లేవంటే పిండిపదార్థం లేదని చాలామంది అనుకుంటారు. పిండి లేనిదే ఆ గుళిక ఆకారమే నిలవదు. బియ్యం తీసేసిన చోట బఠాణీ, బంగాళదుంప, చిలగడదుంప, కర్రపెండలం వచ్చి కూర్చుంటాయి. మా సంచి మీద ప్రొటీన్ 30, కొవ్వు 18, పీచు 3, తేమ 9, బూడిద (అంటే ఖనిజాలు) 8.5 శాతం అని ఉంది. అన్నీ కలిపితే 68.5. నూరులోంచి తీసేస్తే మిగిలిన 31.5 దాదాపుగా పిండిపదార్థమే. ఈ లెక్క ఏ సంచి మీదైనా మీరు వేసుకోవచ్చు. బూడిద శాతం రాయకపోతే 7, 8 అనుకుని వేయండి, దగ్గరగానే వస్తుంది.

చేప అని పేరు పెట్టి లోపల చికెన్ కొవ్వు, రుచి కోసం చికెన్ లివరు కలిపేవీ ఉన్నాయి. ఎలర్జీ అనుమానంతో మార్చేవాళ్ళు చిన్న అక్షరాలన్నీ చివరిదాకా చదవాల్సిందే. నమిలే పుల్లలు, బిస్కెట్లు, కొన్ని నట్టల మాత్రలకు కూడా చికెన్ రుచి అద్ది ఉంటుంది. ఆ ఎనిమిది వారాలూ ఇంటికొచ్చే పిలకాయలను వాడికి బిస్కెట్టు వేయకుండా ఆపడమే నాకు పెద్ద పని అయింది. పక్కింటి పెద్దావిడ అయితే గేటు దగ్గర నిలబడి, "నోరులేని దానికి నాలుగు మెతుకులు పెట్టకుండా ఏందమ్మా ఇది, పాపం గదా" అని రోజూ పోరేది. ఆమెది ప్రేమే. ఎనిమిది వారాలు ఓపిక పట్టమని బతిమాలుకున్నాను.

వాడకం సంగతికొస్తే, గుళిక శనగగింజకు రెండింతలుంటుంది. చేత్తో విరిస్తే పుటుక్కున విరిగి వేళ్ళకు జిడ్డు అంటుతుంది, ఎండు చేపల వాసన వస్తుంది. సింబా మొదటి రోజే గిన్నె నాకేశాడు. పాత తిండిలో పావు వంతు కలపడంతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాం. అయినా మొదట్లో గ్యాసు విపరీతంగా వచ్చింది, బఠాణీల ప్రభావమే. మూడో వారానికి సర్దుకుంది. విరోచనం గట్టిగా, తక్కువగా వస్తోంది. ఎత్తిపోసే మనిషిగా ఇది నాకు నిజంగా నచ్చిన మార్పు. బొచ్చుకు మెరుపు వచ్చింది, అది చేపనూనె పుణ్యమని నా నమ్మకం. చెవులు ఆరో వారానికి చల్లబడ్డాయి. పాదాల దగ్గర బొచ్చు కొత్తగా లేత రంగులో మొలవడం కళ్ళారా చూశాం.

బరువు విషయంలో జాగ్రత్త. కొవ్వు ఎక్కువ కాబట్టి గుప్పెడు ఎక్కువైనా లాబ్ ఒళ్ళు చేస్తుంది. డాక్టర్లు వేసే లెక్క ప్రకారం 30 కిలోల కుక్క ఊరికే పడుకుని ఉన్నా రోజుకు దాదాపు 900 క్యాలరీలు కావాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఇంటిపట్టున ఉండే వాడికి 1,250 చాలు. మా తిండి గ్రాముకు 3.8 క్యాలరీలు ఇస్తుంది, అంటే రోజుకు 330 గ్రాములు. సంచి మీద పట్టికలో రాసింది ఇంతకన్నా ఎక్కువే ఉంది. గ్లాసుతో కొలవకుండా వంటింటి కాటా మీద తూచి పెట్టండి.

మన సముద్రపు గాలికి నిలవ చేయడం ఒక ప్రత్యేక బాధ. కార్తీక మాసంలో ముసురు పట్టినప్పుడు మూత తీసిన సంచిలో గుళికలు మెత్తబడిపోతాయి, కొవ్వు చెడుతుంది. ఊడబోసి ప్లాస్టిక్ డబ్బాలో పోయొద్దు. డబ్బా గోడలకు అంటిన పాత జిడ్డు కొత్త తిండిని కూడా చెడగొడుతుంది. సంచిని అలాగే మూతి మడిచి స్టీలు డ్రమ్ములో దించండి, బ్యాచి నంబరు కూడా చేతిలో ఉంటుంది. చీమలకు సుద్దగీతలు గీయకుండా గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టండి. ఒకసారి తగ్గింపు ధరకు ఆన్‌లైన్‌లో వచ్చిన సంచి విప్పగానే మూకుట్లో రోజుల తరబడి ఉన్న నూనె కంపు కొట్టింది. గడువు తేదీ ఇంకా రెండు నెలలుంది. అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోలేదు, నేను పెట్టనూ లేదు. తేదీని కాదు, ముక్కును నమ్మండి. ఎండాకాలంలో నీళ్ళ గిన్నెలు రెండు ఉంచాం, సాయంత్రం తిండి నీళ్ళలో నానబెట్టి వెంటనే పెట్టేవాళ్ళం. నానినది మన ఎండకు గంటసేపు వదిలినా పులిసిపోతుంది.

ఖర్చు: 12 కిలోల సంచి మాకు 9,000 రూపాయల దగ్గర పడింది. కిలో 750, రోజుకు దాదాపు 250. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న మాట కాదు.

ఇక గుండె సంగతి. దీన్ని అమ్మే దుకాణంలో నాకు ఎవరూ చెప్పలేదు. 2018 జులైలో అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. బఠాణీ, పప్పులు, దుంపలు ముఖ్యంగా ఉన్న తిండి తినే కుక్కల్లో డీసీఎం అనే జబ్బు, అంటే గుండె కండరం పలచబడి గుండె ఉబ్బిపోవడం, కనిపిస్తోందని. 2019 జూన్ నాటికి వాళ్ళకు అందిన ఫిర్యాదుల్లో 515 కుక్కల గురించినవి. ఆ జంతువులు తిన్న తిండి రకాల్లో 90 శాతానికి పైగా గ్రెయిన్ ఫ్రీవే. ఎక్కువగా నమోదైన జాతి గోల్డెన్ రిట్రీవర్, తర్వాతి వరసలో లాబ్ కూడా ఉంది. తిండే కారణమని అది ఖాయంగా రుజువు కాలేదు. చెప్పుకోదగ్గ కొత్త సమాచారం వచ్చేదాకా ప్రకటనలు చేయబోమని 2022 డిసెంబరులో అదే సంస్థ చెప్పింది. రుజువు కాలేదంటే ప్రమాదం లేదని కాదు. మా డాక్టరు గారి సలహా మీద మద్రాసులో సింబాకు ఎకో (గుండె స్కానింగు) తీయించాం, గుండె బాగుంది. అయినా ఆ మనశ్శాంతికి అయిన ఖర్చు కూడా ఈ తిండి ఖాతాలోనే రాయాలి. దగ్గు, నాలుగడుగులకే ఆయాసం, సొమ్మసిల్లడం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

మళ్ళీ ఎలర్జీ సంగతికొస్తే, అసలు పరీక్ష ఆ ఎనిమిది వారాల తర్వాతే. చెవులు పూర్తిగా నెమ్మదించాక డాక్టరు గారు ఒక్కొక్కటీ మళ్ళీ పెట్టి చూడమన్నారు. ఈ మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. తగ్గింది కదా అని అదే తిండి జీవితాంతం కొంటూ ఉంటారు. ముందు అదే తిండిలో గుప్పెడు అన్నం కలిపాం. రెండు వారాలు గడిచినా చెవిలో మార్పు లేదు, పాదం నాకింది లేదు. తర్వాత నూనె వేయని చపాతీ. దానికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత చర్మం తీసి, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ పెట్టాం. వారం తిరక్కముందే రాత్రిళ్ళు తల విదిలించే చప్పుడు మొదలైంది, వేళ్ళ సందులు తడి. ఆపేశాం, తగ్గింది. కొంతకాలం ఆగి మళ్ళీ పెడితే మళ్ళీ అదే. వాడికి పడనిది కోడి. బియ్యాన్ని అనవసరంగా దోషిని చేశారు.

ఇది మా వాడొక్కడి కథ కాదు. 2016లో అచ్చయిన ఒక పరిశీలనలో చర్మానికి సంబంధించిన తిండి ఎలర్జీ ఉన్న 297 కుక్కల లెక్కలు కూర్చి చూశారు. గొడ్డు మాంసం 34 శాతం, పాలపదార్థాలు 17, చికెన్ 15, గోధుమ 13. బియ్యం 2 శాతం. తోడేలు తినేదే కుక్క తినాలని సంచుల మీద బొమ్మలు వేస్తారు కదా, పిండిని అరిగించే ఎంజైము జన్యువు తోడేలులో రెండు నకళ్ళుంటే కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లోనే నేచర్ పత్రికలో వచ్చింది. మనిషి పంచన చేరి వేల ఏళ్ళు మెతుకులు తిన్న జీవి అది. మా వీధి నల్లోడు నాటు కుక్క. వాడికి నేను నూకల అన్నంలో గుడ్డు, ముల్లు తీసిన చేప కలిపి పెడతాను. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

అలాగని ఉత్తి చారన్నం చాలదు. అందులో చాలినంత ప్రొటీన్ లేదు, కాల్షియం లేదు, జింకు లేదు. మన చేపల పులుసు మిగిలిందని పోయొద్దు. ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను చంపుతుంది, ముళ్ళు గొంతులో దిగుతాయి. ఇంట్లో వండి పెట్టాలంటే డాక్టరును అడిగి ఏం కలపాలో రాయించుకుని వండండి.

ఇప్పుడు సింబా తినేది చేప, బియ్యం ఉన్న డ్రై ఫుడ్. చికెన్ పేరు ఎక్కడా లేదు. కిలో 450 పడుతోంది. చెవులు బాగున్నాయి, విరోచనం కొంచెం పెరిగింది. గ్రెయిన్ ఫ్రీకి నేను అయిదుకు మూడు మార్కులు ఇస్తాను. మాంసం పాలు, రుచి, బొచ్చు బాగున్నందుకు ఆ మూడు. ధరకు ఒకటి, బఠాణీల భయానికి ఒకటి తీసేశాను. గోధుమ పడదని పరీక్షలో తేలిన కుక్కకైతే పెట్టుకోవచ్చు, ఏటా గుండె చూపించుకుంటూ. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇది అక్కర్లేదు.

కుక్కపిల్లలకు పెడదామనుకునే వాళ్ళకు ఇంకొక్క మాట. లాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి. పెంపుడు జంతువుల తిండికి అమెరికాలో ప్రమాణాలు రాసే ఆఫ్‌కో సంస్థ లెక్క ప్రకారం పెద్ద జాతి పిల్లల తిండిలో, తేమ తీసేసి చూస్తే, కాల్షియం 1.8 శాతం మించకూడదు. మాంసం పొడులు దట్టించిన తిండిలో ఆ హద్దు దాటడం తేలిక. సంచి వెనక పెద్ద జాతి పిల్లల ఎదుగుదలకు సరిపోతుందని రాసి ఉంటేనే తీసుకోండి. అన్ని వయసులకూ అని మాత్రమే రాసి వదిలేస్తే కాల్షియం శాతం ఎంతో కంపెనీకి ఫోన్ చేసి అడగండి.