పిల్లల జబ్బులకు వీడియో కన్సల్టేషన్: ఎక్కడిదాకా పనికొస్తుంది?

అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఇంట్లో అందరినీ తొలిచే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరాలా, తెల్లారేదాకా ఆగొచ్చా? పిల్లల డాక్టరుతో వీడియో కన్సల్టేషన్ బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. అదే ఫోన్లో జబ్బేమిటో తేల్చేయమంటే మాత్రం కుదరదు. స్టెతస్కోపు పెట్టలేరు, చెవిలోకి చూడలేరు, పొట్ట నొక్కి చూడలేరు. చెవిపోటుకీ, తగ్గని కడుపునొప్పికీ నేరుగా క్లినిక్కే మేలు.

కాల్ కలిపేముందు బిడ్డ బరువు తెలిసుండాలి, మందు సీసా చేతిలో ఉండాలి. జ్వరానికిచ్చే పారాసిటమాల్ ఒక్కసారి మోతాదు కిలోకి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకి 150 మిల్లీగ్రాములన్నమాట. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్ల పైచిలుకు, 250 ఉండేదైతే 3 మిల్లీలీటర్లే. మొదటి సీసా లెక్కన రెండోది పోస్తే మందు రెట్టింపు పడుతుంది. అందుకే సీసా పేరు చెప్పి ఊరుకోకుండా లేబుల్‌ని కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించండి.

ఈ సేవలో పెద్ద లోపం ఊపిరి లెక్క. నెట్ తడబడి బొమ్మ ఆగి ఆగి వస్తే డాక్టరుకి లెక్క తప్పుతుంది. మీరే లెక్కపెట్టి చెప్పాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచిపడటం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే కుదరదు, పసివాళ్ల ఊపిరి ఒకే తీరుగా నడవదు. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన 5 ఏళ్ల లోపు 40: ఈ అంకెల్ని తాకినా దాటినా వేగంగా పీలుస్తున్నట్టే, ఆ రోజే డాక్టరు స్వయంగా చూడాలి. కామెర్ల అనుమానమైతే పసుపు బల్బు కింద చూపించొద్దు, పగటి వెలుగులో కిటికీ దగ్గర చూపించండి.

కొన్ని లక్షణాలకి ఫోనే తీయొద్దు. పాలు, నీళ్లు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా కళ్లు తెరవనంత మగత, డొక్కలు ఎగరేయడం, గాజుగ్లాసు అదిమినా రంగు పోని ఎర్రటి మచ్చలు, 3 నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు లేదా అంతకు మించిన జ్వరం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎమర్జెన్సీకే. రాత్రిపూట పిల్లల డాక్టరూ ఆక్సిజనూ ఉండే ఆసుపత్రి ఏదో బిడ్డ బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోవాలి.

మంచి డాక్టరు ముందు వయసు, బరువు, మూత్రం ఎన్నిసార్లు పోశాడని అడుగుతారు. అనుమానమొస్తే "తీసుకొచ్చేయండి" అని మొహమాటం లేకుండా చెబుతారు. ఏమీ అడక్కుండా రెండు నిమిషాల్లో యాంటీబయాటిక్ రాసేస్తే ఆ చీటీ పక్కనపెట్టి, బిడ్డని ఎత్తుకుని క్లినిక్‌కి వెళ్లండి.