పే స్లిప్పులు, ఎక్సెల్, ఒక హెచ్చరిక పాపప్: 2008 నుంచి నా అనుభవం

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక చిన్న తయారీ సంస్థలో జీతాల లెక్కలు చూస్తాను. 2008 నుంచి నెలనెలా పే స్లిప్పులను ఎక్సెల్ షీటు నుంచే, ఎక్కువగా మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ ద్వారా పంపుతున్నాను. షీటులో ఉద్యోగి నంబరు, పేరు, మెయిల్ చిరునామా, పీడీఎఫ్ ఫైలు పేరు ఉంటాయి. బటన్ నొక్కితే మాక్రో (ఎక్సెల్‌లోనే రాసిపెట్టుకునే చిన్న ప్రోగ్రాం) ఒక్కో వరుసా చదివి ఒక్కో మెయిల్ తయారుచేస్తుంది. ఆ మాక్రో రాయడానికి నాకు ఒక పూట పట్టింది. "ఏదో ప్రోగ్రాం మీ తరఫున మెయిల్ పంపబోతోంది, అనుమతిస్తారా?" అని అడిగే పాపప్‌తో సర్దుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టాయి.

మొదట్లో మాది ఔట్‌లుక్ 2003. మెయిల్ ఉన్న ఉద్యోగులు 118 మంది. ప్రతి మెయిల్‌కూ పాపప్ వచ్చేది, వచ్చాక 'ఎస్' (Yes) బటన్ అయిదు సెకన్లపాటు నొక్కడానికి వీల్లేకుండా ఉండేది. 118 సార్లు అయిదేసి సెకన్లంటే దాదాపు పది నిమిషాలు, అదీ తెర మీద నుంచి కన్ను తిప్పకుండా కూర్చుంటే. మాక్రో చిరునామాల పుస్తకాన్ని చదవబోతే వచ్చే పాపప్ వేరే ఉంది. అందులో పది నిమిషాల వరకు ఒకేసారి అనుమతి ఇవ్వవచ్చు. పంపేటప్పుడు వచ్చేదానిలో ఆ వెసులుబాటు లేదు. రెండూ ఒకటేననుకుని ఆ పది నిమిషాల గడి కోసం నేను రెండు నెలలు వెతికాను.

ఈ కాపలా ఊరికే రాలేదు. 1999 మార్చిలో మెలిస్సా అనే మాక్రో వైరస్ ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలోని మొదటి యాభై మందికి తనను తాను పంపుకుంది. 2000 మేలో వచ్చిన 'ఐ లవ్ యూ' అనే వైరస్ ఆ పుస్తకంలో ఉన్న అందరికీ పంపుకుంది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌కు ఈ హెచ్చరికను జోడించింది. నా మాక్రో చేసే పనీ, ఆ వైరస్‌లు చేసిన పనీ ఔట్‌లుక్‌కు ఒకేలా కనిపిస్తాయి. ఇది అర్థమయ్యాక పాపప్ మీద కోపం కొంత తగ్గింది కానీ పని తగ్గలేదు.

మొదట పట్టిన దారి 'సెండ్‌కీస్'. మెయిల్‌ను తెర మీద తెరిపించి, కీబోర్డులో ఆల్ట్ (Alt), S మీటలు నొక్కినట్టు మాక్రోతోనే నటింపజేయడం. మనిషి పంపినట్టే ఉంటుంది కాబట్టి పాపప్ రాదు. ఇబ్బంది ఏమిటంటే, ఆ క్షణంలో ఏ విండో ముందుంటే మీటలు దానికే పోతాయి. ఒకసారి మధ్యలో ఫోను మోగితే లెడ్జర్ చూడటానికి ట్యాలీ తెరిచాను. అక్కడి నుంచి ఒక్క మెయిలూ కదలలేదు. షీటులో మాత్రం 'పంపాను' అని వరుసగా పడుతూనే పోయింది. పైగా సెండ్‌కీస్ వాడినప్పుడల్లా, కీబోర్డు కుడివైపు అంకెల మీటలను పనిచేయించే నమ్ లాక్ ఆరిపోయేది. రోజంతా అంకెలు కొట్టేవాడికి అంతకంటే శిక్ష లేదు.

తర్వాత 2009లో, పాపప్ రాగానే 'ఎస్' తానే నొక్కే ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. మూడు నెలలు హాయిగా గడిచాయి. నాలుగో నెల మెయిల్ చిరునామాలను అక్షర క్రమంలో పెడదామని ఆ ఒక్క కాలమ్‌నే ఎంచుకుని సార్ట్ చేశాను. పక్క కాలమ్‌లలో కూడా సమాచారం ఉంది, వాటినీ కలపమంటారా అని ఎక్సెల్ అడిగింది. అవును, అదీ ఒక హెచ్చరికే. చదవకుండా దాటేశాను. పీడీఎఫ్ ఫైళ్ల కాలమ్ పాత వరుసలోనే ఉండిపోయింది. మాక్రో మొదలుపెట్టి టీకి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి దాదాపు అందరి పే స్లిప్పూ ఇంకొకరికి చేరిపోయింది. పదేళ్లుగా పనిచేస్తున్న స్టోర్స్ అసిస్టెంటుకు, నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడి జీతం తనకంటే 400 రూపాయలు ఎక్కువని తెలిసింది. పంపిన మెయిల్‌ను వెనక్కి రప్పించే సదుపాయం ఔట్‌లుక్‌లో ఉంది గానీ అప్పట్లో అది ఒకే సంస్థ సర్వర్‌లో ఉన్నవారి మధ్య, అదీ ఎదుటివారు చదవకముందే పనిచేసేది. మావాళ్లలో సగం మందివి సొంత మెయిళ్లు. ఆ వారమంతా మా మేనేజరు గారి గది ముందు వరుస తగ్గలేదు. ఆ ప్రోగ్రాంను ఆ సాయంత్రమే తీసేశాను. అది నా మాక్రో అడిగినా, వైరస్ అడిగినా ఒకే రకంగా 'ఎస్' అంటుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

రిడెంప్షన్ అనే లైబ్రరీని (మన మాక్రో వాడుకోవడానికి ఇంకొకరు రాసి ఉంచిన ప్రోగ్రాం) కూడా చూశాను. ఔట్‌లుక్ కాపలా కాసే గుమ్మంలోంచి కాకుండా కింది అంచె నుంచి పని చేయించుకుంటుంది. పనితనం బాగుంది, కానీ దాన్ని ప్రతి కంప్యూటర్‌లోనూ విడిగా నమోదు చేయాలి. అందుకు మా సిస్టమ్స్ విభాగం ఒప్పుకోలేదు.

ఊరట దొరికింది ఔట్‌లుక్ 2010కి మారాక. నిజానికి ఈ మార్పు 2007 వెర్షన్‌లోనే వచ్చింది: కంప్యూటర్‌లో ఆంటీవైరస్ ఉండి, అది తాజాగా ఉంటే పాపప్ రాదు. ఔట్‌లుక్ భద్రతా సెట్టింగులుండే ట్రస్ట్ సెంటర్‌లో ప్రోగ్రమాటిక్ యాక్సెస్ అనే పేజీ ఉంటుంది. అందులో మూడు ఎంపికలు: ఆంటీవైరస్ లేనప్పుడో పాతబడినప్పుడో హెచ్చరించు, ఎప్పుడూ హెచ్చరించు, ఎన్నడూ హెచ్చరించకు. అవి నొక్కడానికి రాకపోతే ఔట్‌లుక్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరవాలి. ఎవరడిగినా మొదటిదాన్నే ఉంచమని చెబుతాను. విండోస్ సర్వర్‌లో మాత్రం ఆంటీవైరస్ ఉన్నా ఔట్‌లుక్ దాన్ని గుర్తించదు, పాపప్ వస్తూనే ఉంటుంది. సర్వర్ మీద రిమోట్‌గా పనిచేసే మా అన్నయ్య వాళ్ల ఆఫీసులో దీని మీద ఒక రోజంతా పోయింది.

ఔట్‌లుక్ ఊసే లేకుండా, విండోస్‌లో ఉండే సీడీఓ అనే భాగంతో నేరుగా మెయిల్ సర్వర్‌కు పంపే పద్ధతిని ఓ ఏడాది వాడాను. పాపప్ అసలే లేదు. కానీ పాస్‌వర్డ్ మాక్రోలోనే రాసి ఉంటుంది. మాక్రోలు రాసే భాష వీబీఏలో కోడ్‌కు పెట్టే తాళం తీయడం పెద్ద విద్య కాదు. జీమెయిల్ ఖాతా అయితే 2022 మే 30 తర్వాత మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

గూగుల్ షీట్స్‌లో పద్ధతి వేరు. అక్కడ మాక్రో బదులు రాసే స్క్రిప్టును మొదటిసారి నడిపినప్పుడు మీ పేరుతో మెయిల్ పంపడానికి అనుమతి అడుగుతుంది, తర్వాత మెయిల్ మెయిల్‌కూ అడగదు. సొంతంగా రాసుకున్న స్క్రిప్టుకు కూడా 'ఈ యాప్‌ను గూగుల్ ధ్రువీకరించలేదు' అని తెర వస్తుంది. కంగారు పడనక్కర్లేదు. ఇంకొకరు రాసి ఇచ్చిన స్క్రిప్టయితే మాత్రం కంగారు పడటమే మంచిది. ఉచిత ఖాతా నుంచి రోజుకు 100 మందికే పంపగలం. మాకు 118 మంది! పద్దెనిమిది మందికి ఒక రోజు ఆలస్యంగా స్లిప్పు వెళితే వాళ్లు ఊరుకుంటారా?

ఇప్పుడు నేను వాడుతున్నది క్లాసిక్ ఔట్‌లుక్, ట్రస్ట్ సెంటర్‌లో మొదటి ఎంపిక. (కొత్త ఔట్‌లుక్ ఇలాంటి మాక్రోలకు పలకదు, మారేముందు చూసుకోండి.) మాక్రో ముందుగా పీడీఎఫ్ పేరులోని ఉద్యోగి నంబరునూ షీటులోని నంబరునూ పోల్చుతుంది, తేడా వస్తే ఆగిపోతుంది. మొదటి అయిదు మెయిళ్లను పంపకుండా తెరిచి చూపిస్తుంది. అవి చూసి నేను సరేనంటేనే మిగతావి పంపుతుంది. ఇవి కాక, ప్రతి మెయిల్‌నూ ముప్ఫై నిమిషాలు ఔట్‌బాక్స్‌లోనే ఆపే రూలు ఒకటి పెట్టుకున్నాను. అక్కడున్న మెయిల్‌ను తెరిచి చూస్తే మళ్లీ 'సెండ్' నొక్కేదాకా అది కదలకపోవచ్చు, అది గుర్తుంచుకోవాలి.

పోయిన నెల జీతాల రోజున చాలా ఏళ్ల తర్వాత ఆ పాత పాపప్ మళ్లీ ప్రత్యక్షమైంది. మాక్రో ఆపి చూస్తే, ఆంటీవైరస్ లైసెన్సు గడువు అంతకు మూడు రోజుల ముందే ముగిసింది. సిస్టమ్స్ విభాగానికి ఆ సంగతి చెప్పింది నేనే.